స్క్రీన్‌షాట్ తీశాను, సరిపోతుందా?

పాఠకుల సందేహాలకు గుంటూరు నుంచి ఒక న్యాయవాది జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫోన్ల గురించే. గట్టు తగాదాలు, వీలునామాలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను. నేను నల్లకోటు వేసుకున్న కొత్తలో సాక్ష్యమంటే స్టాంపు కాగితం, వేలిముద్ర, ఊళ్లో పెద్దమనిషి మాట. ఇప్పుడు మా ఆఫీసుకు వచ్చేవాళ్లు కుర్చీలో కూర్చోకముందే ఫోన్ చాపి "మేడం, ఇది చూడండి" అంటున్నారు. చూస్తాను. చూశాక మొదట అడిగేది ఒకటే: "ఈ మెసేజ్ మొదట వచ్చిన ఫోన్ ఇదేనా?" చాలామంది కాదంటారు. అసలు ఫోన్ అమ్మేశామనో, పిల్లాడికిచ్చామనో, ఫార్మాట్ కొట్టించామనో చెబుతారు. కింది జవాబుల్లో ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది, విసుక్కోకండి.

నా పేరు, ఫొటో పెట్టి ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో దొంగ అకౌంట్ తెరిచారు. నా మొహాన్ని వేరే ఒంటికి అతికించి మా బంధువులకూ, నేను పనిచేసే స్కూల్లో టీచర్లకూ పంపారు. కంగారులో స్క్రీన్‌షాట్లు తీసి వెంటనే రిపోర్ట్ కొట్టాం. అకౌంట్ పోయింది. ఎవరు చేశారో అనుమానం ఉంది. కేసు పెడదామంటే, ఆ ఫోన్‌ని దసరాకి ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశాను. స్క్రీన్‌షాట్లు మా చెల్లి వాట్సాప్‌లో ఉన్నాయి. సరిపోతాయా?
— పేరు వద్దన్న సోదరి, తెనాలి

అమ్మా, ఇందులో మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ముందు ఈ మాట ఎందుకంటున్నానంటే, ఇలాంటి కేసుల్లో ఆలస్యానికి మొదటి కారణం ఆ సిగ్గే. ఆలస్యమే సాక్ష్యాన్ని తినేస్తుంది.

చెల్లి వాట్సాప్‌లో ఉన్నవి నకలుకు నకలు. వాట్సాప్‌లో ఫొటో మామూలుగా పంపితే కుదించి పంపుతుంది. ఏ రోజు, ఏ పరికరంలో తయారైందో చెప్పే లోపలి వివరాలు దారిలోనే రాలిపోతాయి. అదొక చిక్కు. దానికన్నా పెద్దది ఇంకోటుంది. తెర మీద ఫలానా బొమ్మ కనిపించిందని చెప్పడం వరకే స్క్రీన్‌షాట్ పని. ఆ అకౌంట్ వెనక కూర్చున్న మనిషి ఎవరో అది చెప్పలేదు. కోర్టులో ముద్దాయి తరఫు లాయరు పట్టుకునేది అక్కడే.

అయినా మీ కేసు పోలేదు. ఆ మెసేజ్‌లు మీకొక్కరికే రాలేదు కదా. బంధువులకూ టీచర్లకూ వచ్చాయి. మీకు అసలైన సాక్షులు వాళ్లు, అసలైన సాక్ష్యం వాళ్ల ఫోన్లు. వాట్సాప్ మెసేజ్ ఫోన్లో ఉంటుంది, బ్యాకప్ లేకుండా ఫోన్ పోతే దాంతోపాటే పోతుంది. ఇన్‌స్టాగ్రామ్ మెసేజ్ కంపెనీ సర్వర్లో ఉంటుంది, కొత్త ఫోన్లో మీ అకౌంట్‌తో లాగిన్ అయినా పాత మెసేజ్‌లు కనిపిస్తాయి. ఈ తేడా మీకిప్పుడు కలిసొస్తుంది. పంపిన అకౌంట్ పోయినా, వాళ్ల ఇన్‌బాక్సుల్లో పేరున్న చోట "ఇన్‌స్టాగ్రామ్ యూజర్" అని చూపిస్తూ సంభాషణ మిగిలి ఉండొచ్చు. ఈ రోజే వాళ్లందరికీ ఫోన్ చేసి, అసహ్యమేసినా సరే దాన్ని చెరపొద్దని చెప్పండి. కనీసం ఇద్దరిని స్టేషన్‌కి వచ్చి స్టేట్‌మెంట్ ఇవ్వమని అడగండి. ఒక్కరు ధైర్యం చేస్తే మిగతావాళ్లు వస్తారు, నేను చాలాసార్లు చూశాను.

ఇక ఆ అకౌంట్ ఎవరిదో తేల్చడం. ఏ నంబరుతో, ఏ మెయిల్‌తో దాన్ని తెరిచారు, ఏ ఐపీ అడ్రసు (నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరు) నుంచి ఎప్పుడెప్పుడు లాగిన్ అయ్యారు అనే వివరాలు కంపెనీ దగ్గర ఉంటాయి. మీరడిగితే ఇవ్వరు, పోలీసులు అడగాలి. ఐపీ అడ్రసు తెలిశాక అది ఆ సమయంలో ఏ కనెక్షన్‌దో నెట్ ఇచ్చిన కంపెనీని అడుగుతారు. అక్కణ్నుంచి మనిషి దగ్గరకీ, మనిషి నుంచి ఫోన్ దగ్గరకీ వస్తారు. ఇక్కడే గడువు మాట. 2021 ఐటీ నిబంధనల ప్రకారం, ఫిర్యాదు మీద తొలగించిన సమాచారాన్నీ దానికి సంబంధించిన రికార్డులనూ దర్యాప్తు కోసం 180 రోజులు దాచి ఉంచాలి. రిపోర్ట్ కొట్టిన రోజు నుంచి వేళ్ల మీద లెక్కపెట్టండి. కోర్టో పోలీసులో కోరితే ఇంకా ఎక్కువ కాలం దాస్తారు, కానీ ఆ కోరడం ఈ లోపే జరగాలి. ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి మిగిలే రోజులు తక్కువే.

అనుమానం గురించి. ఫిర్యాదులో "ఫలానావాడే చేశాడు" అని తేల్చి రాయకండి. అనుమానమనే రాసి, దానికి కారణాలు రాయండి. వాడు వాడిన మీ ఫొటో ఏది? అది మీరు ఫేస్‌బుక్‌లో అందరికీ కనిపించేలా పెట్టిందా, ఇంటి గ్రూపులో పదిమందికి పంపిందా? పదిమందికే అయితే వెతకాల్సింది ఆ పదిమందిలోనో, వాళ్ల ఫోన్ చేత్తో పట్టుకోగలిగినవాళ్లలోనో. ఆ మెసేజ్‌ల్లో బయటివాళ్లకు తెలియని ఇంటి సంగతులున్నాయా? "రాత్రి" అనాల్సిన చోట "రాతిరి" అని రాసే అలవాటు అనుమానమున్న మనిషికీ ఉందా? ఐపీ అడ్రసు ఇల్లు చూపిస్తుంది, ఆ ఇంట్లో మనిషిని చూపించడానికి ఇలాంటి చిన్న చిన్నవి పనికొస్తాయి. ఐటీ చట్టంలో 66సి, 67 సెక్షన్లు మీ విషయానికి వర్తిస్తాయి. మిగతావి పోలీసులు చూసుకుంటారు.

ఇలాంటి కష్టం ఇంకెవరికైనా వస్తే వరస గుర్తుపెట్టుకోండి: ముందు భద్రం, తర్వాతే రిపోర్ట్. ఒక్కొక్క స్క్రీన్‌షాట్ తీసే బదులు స్క్రీన్ రికార్డింగ్ పెట్టండి. ఫోన్లో తేదీ, టైమూ చూపించి, యాప్ తెరిచి, ఆ ప్రొఫైల్లోకి వెళ్లి, "ఈ అకౌంట్ గురించి" అన్నది ఉంటే నొక్కి, అది మొదలైన తేదీ చూపించి, పోస్టులన్నీ మెల్లగా కిందికి జరపండి. ప్రొఫైల్ లింకు కాపీ చేసి రాసుకోండి. ప్రొఫైల్ మీద కనిపించే పేరు వాడు రేపు మార్చేస్తాడు, ఆ పేరుతో మరో పదిమంది ఉండొచ్చు. పక్కన ఇంకో మనిషి తన ఫోన్‌తో ఇదంతా వీడియో తీస్తే మరీ మంచిది, ఆ మనిషి రేపు సాక్షి అవుతాడు. నగ్న ఫొటోలైతే స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. మీ ఫొటో మీ ఫోన్ దాటి పోదు, దాని సంఖ్యా గుర్తును మాత్రమే తీసుకుని, తమతో కలిసిన కంపెనీల సైట్లలో అదే ఫొటో మళ్లీ ఎక్కకుండా అడ్డుపడుతుంది.

స్నేహితుడికి 3 లక్షల 50 వేలు చేబదులు ఇచ్చాను. నోటు రాయించుకోలేదు. ఫోన్‌పేలో కొంత, బ్యాంకు నుంచి కొంత వేశాను. "అన్నా, సంక్రాంతికి ఇచ్చేస్తా" అని వాట్సాప్‌లో చాలాసార్లు పెట్టాడు. ఇప్పుడు అసలు తీసుకోలేదంటున్నాడు. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ప్రింట్ తీయించాను, 62 పేజీలొచ్చింది. దావా నిలబడుతుందా?
— ఒక పాఠకుడు, సూర్యాపేట

ఆ 62 పేజీలు చదువుకోవడానికి బాగుంటాయి. ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చేది ఉత్త టెక్స్ట్ ఫైలు. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి "ఇవ్వను" అన్నదాన్ని "ఇస్తాను" అని మార్చడానికి ఒక నిమిషం చాలు. ఆ సంగతి మీ స్నేహితుడి లాయరుకూ తెలుసు, జడ్జి గారికీ తెలుసు. చాట్ ఉన్న ఫోనే మీ దావాకి ప్రాణం.

2020 జులై 14న సుప్రీంకోర్టు అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో ఈ విషయం విడమర్చి చెప్పింది. ఫోన్ యజమాని తానే బోనెక్కి, ఈ ఫోన్ నాది, దీన్ని వాడేది నేనే అని చెప్పి అసలు ఫోన్‌నే కోర్టు ముందు పెడితే, అది ప్రాథమిక సాక్ష్యం, నకలు ఏ పరికరంలోంచి ఎలా వచ్చిందో రాసిచ్చే సర్టిఫికెట్ విడిగా అక్కర్లేదు. ప్రింటో, పెన్‌డ్రైవో, సీడీయో ఇస్తే మాత్రం సర్టిఫికెట్ తప్పదు. నేనైతే రెండూ చేయిస్తాను. ఫోన్ సిద్ధంగా ఉంచి, ప్రింటుకు సర్టిఫికెట్ జతచేస్తాను. దావా ఏళ్ల తరబడి నడుస్తుంది, ఫోన్ బ్యాటరీ అన్నాళ్లు ఆగకపోవచ్చు.

కాబట్టి కొత్త ఫోన్ కొనుక్కోండి. పాతదాన్ని ఛార్జరుతో సహా దస్తావేజుల పెట్టెలో పెట్టండి. అంతకుముందు మూడు పనులు చేయండి. ఆ చాట్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉందేమో చూడండి. 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని దానికి గడువులుంటాయి. అవతలివాడు మీకు చెప్పకుండా దాన్ని ఆన్ చేసి ఉండొచ్చు, చేస్తే చాట్‌లో చిన్న అక్షరాల్లో ఆ సమాచారం కనిపిస్తుంది. రెండోది, అతని పేరు మీద నొక్కి నంబరు కనిపించేలా రికార్డు చేయండి. చాట్ పైన కనిపించే పేరు మీరు పెట్టుకున్నదే, ఎవరి నంబరునైనా ఎవరి పేరుతోనైనా సేవ్ చేసుకోవచ్చని కోర్టులో అంటారు, అనడంలో తప్పులేదు కూడా. మూడోది, "నిన్న", "ఈ రోజు" అని చూపించే దశలో తీసిన స్క్రీన్‌షాట్లకు తేదీ రాదు. తేదీ పడ్డాక మళ్లీ తీయండి.

మీ బలం నిజానికి చాట్‌లో సగమే ఉంది. మిగతా సగం బ్యాంకులో ఉంది. బ్యాంకుకు వెళ్లి, బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం కింద ధృవీకరించిన స్టేట్‌మెంట్ కావాలని రాసివ్వండి. 1891 నాటి చట్టం, మేనేజర్లకు తెలుసు. ఫోన్‌పేలో వేసిన డబ్బు కూడా బ్యాంకు ఖాతా నుంచే వెళ్తుంది కాబట్టి యూటీఆర్ నంబరుతో (ఆ లావాదేవీ గుర్తు నంబరు) సహా అక్కడ దొరుకుతుంది. మీరు డబ్బు వేసిన రోజు, అతను "అందింది అన్నా" అన్న రోజు ఒకటే అయితే, ఆ రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయి. ఎవరో కూర్చుని చాట్ అల్లగలరు, బ్యాంకు పుస్తకాన్ని అల్లలేరు.

గడువు మర్చిపోవద్దు. అప్పిచ్చిన రోజు నుంచి 3 ఏళ్లు. ఆ లోపు బాకీ ఉన్నానని అతను రాసి సంతకం చేస్తే గడువు మళ్లీ మొదలవుతుంది. వాట్సాప్‌లో "ఇస్తా" అనడం ఆ సంతకానికి సమానమా అని వాదించొచ్చు, నేనూ వాదించాను. కానీ వాదన మీద మీ మూడున్నర లక్షలు పెట్టకండి. 3 ఏళ్ల లోపే దావా వేయండి. ముందు నోటీసు ఇచ్చి, అందులో అతని మెసేజ్‌లను తేదీ, టైముతో సహా ఉన్నదున్నట్టు రాయించండి. పోస్టులో పంపి, అదే పీడీఎఫ్ వాట్సాప్‌లోనూ పెట్టండి. 2018లో బొంబాయి హైకోర్టు, నోటీసు పీడీఎఫ్ చేరి తెరిచినట్టు నీలం టిక్కులు చూసి నోటీసు అందినట్టేనని ఒప్పుకుంది.

మా ఊళ్లో జిరాక్స్ షాపతను 1,500 ఇస్తే "65బి సర్టిఫికెట్" రాసి స్టాంపు వేసి ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? ఇప్పుడు 65బి లేదని ఇంకొకరు అంటున్నారు.
— ఒక పాఠకురాలు, నర్సరావుపేట

వద్దమ్మా. ఆ డబ్బుతో ఒక మంచి పెన్‌డ్రైవ్ కొనండి.

65బి అన్నది 1872 నాటి సాక్ష్య చట్టంలోకి 2000లో ఐటీ చట్టం ద్వారా వచ్చిన సెక్షను. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చింది, అందులో దాని స్థానం 63వ సెక్షనుది. అప్పటికే పెండింగులో ఉన్న కేసులు పాత చట్టం కిందే నడుస్తాయి. మీది కొత్త కేసయితే 63. కొత్తదాంట్లో సర్టిఫికెట్‌కి చట్టం చివర షెడ్యూల్లో నమూనా ఇచ్చారు. దానికి రెండు భాగాలు. మొదటిది పరికరం ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి నింపాలి, అంటే మీరే. ఫోన్ కంపెనీ, మోడల్, రంగు, సీరియల్ నంబరు, ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తు నంబరు) రాయాలి. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే ఐఎంఈఐ తెర మీదికి వస్తుంది. రెండో భాగం నిపుణుడు నింపాలి. రెండింట్లోనూ హ్యాష్ విలువ వేయాలి.

హ్యాష్ అంటే భయపడకండి. ఒక ఫైలును ఒక లెక్కలో వేస్తే వచ్చే గుర్తు అది. షా-256 అనే లెక్కయితే 64 అక్షరాల పొడవుంటుంది. ఫైల్లో ఒక్క కామా మార్చినా గుర్తు మొత్తం మారిపోతుంది. వేలిముద్ర అనుకోండి. ఇవాళ మీరిచ్చిన ఫైలు, రెండేళ్ల తర్వాత కోర్టులో తెరిచిన ఫైలు ఒకటేనని దీంతో రుజువు చేస్తాం. విండోస్ కంప్యూటర్లో సర్ట్‌యుటిల్ అనే కమాండుతో ఉచితంగానే వస్తుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు: వీడియోను వాట్సాప్‌లో తమ్ముడికి పంపి, తమ్ముడి కంప్యూటర్లో హ్యాష్ తీస్తారు. దారిలో కుదించిపోయిన వీడియో వేరే ఫైలు, దాని హ్యాష్ వేరు. కేబుల్ పెట్టి ఫోన్ నుంచి నేరుగా కాపీ చేసి, అప్పుడు తీయాలి. తీశాక ఆ పెన్‌డ్రైవ్ కవర్లో పెట్టి అంటించి, తేదీ వేసి, మీరూ ఇంకొకరూ సంతకం చేయండి.

నిపుణుడంటే ఎవరు? 63వ సెక్షను ఆ మాటకు అర్థం రాయలేదు. ఐటీ చట్టం 79ఎ కింద ప్రభుత్వం గుర్తించిన ఎలక్ట్రానిక్ సాక్ష్య పరీక్షకుడు సంతకం చేస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. కానీ ప్రతి చేబదులు దావాకీ అలాంటి ప్రయోగశాల దాకా పోవడం సామాన్యుడి వల్ల కాదు, చట్టం చేసినవాళ్లు ఇది ఆలోచించాల్సింది. నేను పెట్టుకున్న కొలత ఒకటే: సంతకం చేసిన మనిషి రేపు బోనెక్కి, ఏ ఫోన్ నుంచి ఏ కేబుల్‌తో తీశానో, హ్యాష్ అంటే ఏమిటో అవతలి లాయరు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో తడబడకుండా చెప్పగలగాలి. కంప్యూటర్ ఫోరెన్సిక్స్ చదివి ఆ పనే చేసేవాళ్లు ఇప్పుడు పెద్ద ఊళ్లలో ఉన్నారు. జిరాక్స్ షాపతను మీ ఫోన్ చూడకుండానే స్టాంపు వేస్తానంటున్నాడు. అదే అతని సర్టిఫికెట్‌కి అవతలి లాయరు వేసే మొదటి ప్రశ్న.

ఈ సర్టిఫికెట్ గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కూడా రాస్తాను. 2015లో ఒక ముసలాయన తన పొలంలో జరిగిన దౌర్జన్యం వీడియోను సీడీ చేయించి తెచ్చిస్తే, సర్టిఫికెట్ లేకుండానే కోర్టులో వేశాను. అంతకు కొన్ని నెలల ముందే, 2014 సెప్టెంబరు 18న, అన్వర్ కేసులో సుప్రీంకోర్టు సర్టిఫికెట్ లేని సీడీ చెల్లదని చెప్పేసింది. కేరళలో ఏరనాడు నియోజకవర్గం 2011 ఎన్నిక మీద వేసిన పిటిషన్ అది. ఊరేగింపుల్లో వేసిన పాటలు, ప్రసంగాల సీడీలు వేశారు. ప్రచారంలో వాడిన అసలు సీడీలనే స్వాధీనం చేయించి ఉంటే కోర్టులోనే వేసి చూసేవాళ్లమని కూడా ఆ తీర్పులో ఉంది. ఆ తీర్పు నేను చదవలేదు. అవతలి వకీలు చదివాడు. లేచి నిలబడి అభ్యంతరం చెప్పాడు, మా సీడీ సాక్ష్యంగా నమోదు కాలేదు. సాయంత్రం ఆ పెద్దాయన "అమ్మా, అందులో అన్నీ కనిపిస్తాయి కదా, ఎందుకు చూడలేదు?" అని అడిగాడు. జవాబు చెప్పాల్సింది నేను, తప్పు నాది. వీడియో తీసిన మనవడి ఫోన్ అప్పటికే చెరువులో పడిపోయింది. ఆ రోజు నుంచి ఎవరు ఫోన్ చూపించినా ముందు ఆ ఫోన్ గురించే అడుగుతున్నాను.

వీడియో అవతలివాళ్ల చేతిలో ఉండి, వాళ్లు సర్టిఫికెట్ ఇవ్వకపోతే ఏం చేయాలని కూడా కొందరడిగారు. అపార్ట్‌మెంట్ సీసీటీవీ, హోటల్ కెమెరా, ఎవరో నడిపే పేజీ. ఖోట్కర్ కేసులో జరిగింది అదే. మహారాష్ట్ర జాల్నాలో 2014లో 296 ఓట్ల తేడాతో తేలిన ఎన్నిక. నామినేషన్లు గడువు దాటాక తీసుకున్నారా లేదా అన్నది అధికారుల ఆఫీసు వీడియోల్లో ఉంది. ఎన్నిసార్లు అడిగినా సర్టిఫికెట్ ఇవ్వలేదు. చేయగలిగిందంతా చేసినవాడి మీద అసాధ్యమైనది రుద్దకూడదని సుప్రీంకోర్టు అంది. మీరూ రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే కోర్టులో అర్జీ పెట్టి తెప్పించమనండి. సీసీటీవీకి తొందర మరీ ఎక్కువ, పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది.

నా భార్య నిద్రపోతున్నప్పుడు ఆమె వేలు పెట్టి ఫోన్ తెరిచి, ఒకతనితో ఆమె చాట్ నా నంబరుకు ఫార్వర్డ్ చేసుకున్నాను. విడాకుల కేసులో పనికొస్తుందా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

బాబూ, మీ బాధ అర్థమైంది. కానీ మీరు చేసిన పని తప్పు. ఇంకెప్పుడూ చేయకండి.

చట్టం సంగతి. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో 14వ సెక్షను, వివాదం తేల్చడానికి పనికొస్తుందనుకుంటే సాక్ష్య చట్టం పట్టింపులు లేకుండానే ఏ పత్రాన్నయినా చూసే వీలు జడ్జికి ఇస్తుంది. 2025 జులై 14న సుప్రీంకోర్టు, భార్యకు తెలియకుండా భర్త రికార్డు చేసిన వాళ్లిద్దరి ఫోన్ మాటలను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పింది. దీన్ని చూసి చాలామంది, ఇక ఏం చేసినా చెల్లుతుందనుకుంటున్నారు. అక్కడున్నది భర్త తాను పాల్గొన్న సంభాషణ. మీది మీరు లేని సంభాషణ, ఆమె ఫోన్లోంచి ఆమెకు తెలియకుండా తీసింది. అనుమతి లేకుండా పరికరంలోకి చొరబడటం ఐటీ చట్టంలో విడిగా నేరం. 2024లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి, భార్య కాల్ వివరాలు ఆమెకు తెలియకుండా సంపాదించి తెచ్చిన భర్త సాక్ష్యాన్ని ఒప్పుకోలేదు. ఆ తర్వాత వచ్చిన సుప్రీంకోర్టు తీర్పుతో మీ లాయరు వాదన చేయొచ్చు. కానీ ఆమె తిరిగి మీ మీద కేసు పెడితే అప్పుడు ముద్దాయి మీరవుతారు.

ఇంకోటి. ఫార్వర్డ్ చేసిన మెసేజ్‌లో అది మొదట ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారో మిగలదు. మీ ఫోన్లో ఉన్నది ఆమె నుంచి మీకు వచ్చిన మెసేజ్ మాత్రమే. అంత చేసి మీరు తెచ్చుకున్నది చాలా బలహీనమైన సాక్ష్యం. ఏ వాస్తవం మీకు అవసరమో అది పిటిషన్‌లో రాసి, అవసరమైన రికార్డులు తెప్పించమని కోర్టునే అడగండి.

మా బావమరిదితో గొడవలో అతను నన్ను తిట్టిన మెసేజ్‌లు కోర్టులో వేస్తున్నాం. మధ్యలో నేను తిట్టినవీ ఉన్నాయి. అవి మాత్రం తీసేయొచ్చా?
— ఒక పాఠకుడు, అనకాపల్లి

తీసేయకండి. అదే చాట్ అతని ఫోన్లోనూ ఉంది. మీవి మాయమైన కాపీ మీరు వేస్తే, అతను మొత్తం వేస్తాడు. అప్పుడు జడ్జి గారు అతని తిట్లు చదవరు, మీరు దాచినవి చదువుతారు. పైగా సాక్ష్యంగా రావాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును చెరపడం భారతీయ న్యాయ సంహిత 241 కింద నేరం. మీరు తిట్టినవి కూడా వేసి, మీ లాయరు మొదట అడిగే చీఫ్ ఎగ్జామినేషన్‌లోనే "కోపంలో నేనూ అన్నాను" అని చెప్పండి. ఒప్పుకున్న మనిషి మాటకు కోర్టులో ఉండే విలువ చూసే కొద్దీ నాకు గౌరవం పెరిగింది.

బెదిరింపు కేసులో సాక్ష్యం కోసమని నా ఫోన్ పోలీసులు అడుగుతున్నారు. ఇవ్వాలా? మళ్లీ వస్తుందా?
— ఒక డిగ్రీ విద్యార్థి, వరంగల్

ఇవ్వండి, కానీ చేతికిచ్చి వచ్చేయకండి. పంచనామా రాయమనండి. మోడల్, ఐఎంఈఐ, సిమ్ నంబరు, పగుళ్లుంటే పగుళ్లు కూడా అందులో ఉండాలి. కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 105 ప్రకారం సోదా, స్వాధీనం ఆడియో వీడియోలో రికార్డు చేయాలి. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, కవర్లో సీలు వేయమని అడగడం మీ హక్కే. ఆ ఫోన్ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు వెళ్లిందో తేదీలతో రాసి ఉండాలి. మధ్యలో నాలుగు రోజులు లెక్క తప్పితే అవతలివాళ్లు మెసేజ్ స్టేషన్లో పుట్టిందంటారు. ఇచ్చేముందు మీ చదువుకు కావాల్సినవి కాపీ చేసుకోండి, ఏదీ చెరపకండి. ఫోరెన్సిక్ ప్రయోగశాల (ఎఫ్‌ఎస్‌ఎల్) పరీక్ష అయ్యాక తిరిగివ్వమని మేజిస్ట్రేటు దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. అమ్మననీ, అడిగినప్పుడు తెస్తాననీ పూచీకత్తు రాసివ్వాలి.

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. ఇక్కడున్న అత్తమామలు కట్నం కోసం బూతులు తిడుతూ వాయిస్ మెసేజ్‌లు పంపుతున్నారు. అవన్నీ నాకు ఫార్వర్డ్ చేసింది. నా ఫోన్‌తో ఇక్కడ కేసు పెట్టొచ్చా?
— ఒక తల్లి, విజయవాడ

కేసు పెట్టొచ్చమ్మా. కానీ అసలు సాక్ష్యం మీ ఫోన్ కాదు, మీ అమ్మాయి ఫోన్. మెసేజ్‌లు వచ్చింది దానికి. సర్టిఫికెట్ మొదటి భాగంలో సంతకం ఆమెది ఉండాలి, అక్కడ నోటరీ ముందు చేయించి పంపమనండి. సాక్ష్యం వీడియో కాన్ఫరెన్సులో చెప్పే వీలు కోర్టులు ఇస్తున్నాయి, మీ లాయరు ముందే అర్జీ పెట్టుకోవాలి.

వాయిస్ మెసేజ్‌లకు అదనంగా ఒక మెట్టుంది, గొంతు ఎవరిదో తేలాలి. ఆ గొంతు బాగా ఎరిగినవాళ్లు గుర్తుపట్టి చెప్పాలని, టేపును ఎవరూ మార్చలేదని తేలాలని సుప్రీంకోర్టు 1985లోనే రామ్‌సింగ్ కేసులో చెప్పింది. అప్పటివి టేపులు, సూత్రం ఇప్పటికీ అదే. వాళ్లు మా గొంతు కాదంటే, గొంతు నమూనా ఇవ్వమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చని 2019లో రితేష్ సిన్హా కేసులో చెప్పింది. ఈ పోలిక పరీక్షకు అసలు ఫైలు కావాలి. ఆండ్రాయిడ్ ఫోన్లో అయితే వాట్సాప్ ఫోల్డర్‌లో పీటీటీ అని మొదలై, పక్కన తేదీతో ఓపస్ రకం ఫైళ్లుంటాయి. వాటిని కేబుల్‌తో కంప్యూటర్లోకి కాపీ చేసి, వెంటనే హ్యాష్ తీసి మీకు మెయిల్లో పంపమనండి. ఏ రోజు ఎవరు ఏమన్నారో ఒక నోటుపుస్తకంలో తేదీల వారీగా రాసుకోమనండి, బోనులో నిలబడ్డప్పుడు అది ఆమెకు ధైర్యం.

సంక్రాంతికి వస్తోందని రాశారు. కొత్త ఫోన్ కొనుక్కున్నా సరే, ఆ మెసేజ్‌లు వచ్చిన పాతది చెక్-ఇన్ బ్యాగులో వేయకుండా చేతి సంచిలో పెట్టుకు రమ్మనండి. ఛార్జరు కూడా.